మచ్చలేని మనుషుల కథలు నాకొద్దు

ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వీటిలో బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. "ఈ వయసులో కామిక్సేంటి?" అనేవాళ్ళు ముందు అవి చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

మొదట మౌస్. ఆర్ట్ స్పీగల్‌మన్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన తండ్రి వ్లాదెక్ కథను గీశాడు. వ్లాదెక్ పోలండ్ యూదుడు, ఆష్విట్జ్ అనే నాజీల నిర్బంధ క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడ్డవాడు. ఇందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్ వాళ్ళు పందులు. 1980లో ఒక పత్రికలో సీరియల్‌గా మొదలై 1991లో పూర్తయింది, మరుసటి ఏడాది పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. నేను కొన్న షాపులో దీన్ని పిల్లల పుస్తకాల అరలో పెట్టారు. అట్ట మీద ఎలుకలున్నాయి కదా అని కాబోలు. వాటి వెనక నాజీల స్వస్తిక్ గుర్తు, దాని మీద హిట్లర్ పోలికలున్న పిల్లి ముఖం ఎవరూ చూసినట్టు లేదు.

క్యాంపు ఘట్టాలకు మనసు గట్టి చేసుకునే పుస్తకం తెరిచాను. ముసలి వ్లాదెక్‌కి మాత్రం నేను సిద్ధంగా లేను. అద్దెలోనే గ్యాస్ ఖర్చు కలిసి ఉంది కాబట్టి, అగ్గిపుల్లలు మిగులుతాయని పొయ్యి ఆర్పకుండా వెలిగించి ఉంచుతాడు. సగం తిన్న డబ్బాలు కొట్టుకి పట్టుకెళ్ళి వెనక్కి తీసుకోమంటాడు. కొడుకూ కోడలూ తలెత్తుకోలేక బయట కారులో కూర్చుంటారు. ఈయన లోపల మేనేజరుకి తన జబ్బులూ, వదిలేసి వెళ్ళిన భార్య సంగతీ, క్యాంపుల్లో పడ్డ పాట్లూ చెప్పి పని కానిచ్చుకుని వస్తాడు. దారిలో కోడలు ఒక నల్లజాతి మనిషికి లిఫ్ట్ ఇస్తే, వాడు వెనక సీట్లో సరుకులు కాజేస్తాడని పోలిష్ భాషలో గొణుగుతూనే ఉంటాడు. పుట్టుక కారణంగా ఇల్లూ వాకిలీ కన్నబిడ్డా అన్నీ పోగొట్టుకున్న మనిషి అనే మాటలా ఇవి? కోడలు అదే అడుగుతుంది. అయినా ఆయన మారడు.

అంత అనుభవించాడు కాబట్టే అలా తయారయ్యాడు పాపం అని సర్దిచెప్పుకోబోయాను. ఆ వీలు కూడా స్పీగల్‌మన్ ఇవ్వలేదు. వ్లాదెక్ రెండో భార్య మాలా కూడా క్యాంపుల నుంచి బతికొచ్చినామే. మా స్నేహితులందరూ అవన్నీ పడ్డవాళ్ళే, ఎవరూ ఈయనలా లేరే అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. కొడుకు తనని తానూ వదల్లేదు. పెళ్ళికి ముందు తనకో అమ్మాయితో ఉన్న సంబంధం గురించి రాయొద్దని తండ్రి అడుగుతాడు, ఇతను సరేనని మాటిస్తాడు. ఆ సంబంధమూ, తనిచ్చిన మాటా రెండూ పుస్తకంలో ఉన్నాయి! అది తప్పా ఒప్పా అనేది నాకింకా తేలలేదు. కానీ మన దగ్గర పోయినవాళ్ళ మీద వేసే సంస్మరణ సంచికలు చూడండి. ప్రతి మనిషీ మృదుస్వభావి, నిగర్వి, అజాతశత్రువు. ఆయన ఇంట్లో ఎలా ఉండేవాడో, భార్య ఏం పడిందో ఒక్క పేజీలోనూ ఉండదు. ఇలాంటివి ఎన్ని చదివినా ఆ మనిషి కళ్ళముందుకి రాడు.

అమర్ చిత్ర కథలది కూడా ఇదే గొడవ. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఈ పుస్తకాలు మా తరంలో చాలామందికి మొదటి కామిక్స్. మా అక్క కూతురి కోసం కొన్ని కొని మళ్ళీ తిరగేశాను. రాజులందరిదీ ఒకే ముఖం, రాణులందరిదీ ఒకే నడుము, రాక్షసుడు అనగానే నల్లటి ఒళ్ళు. చిన్నప్పుడు ఇష్టపడి చదివినవే, ఇప్పుడు ఆ రంగు దగ్గర మనసు ఒప్పలేదు. పాపకి ఇచ్చాను, ఇచ్చేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాను.

భీమాయన గురించి రెండు మాటలు. అంబేడ్కర్ జీవితంలోని అంటరానితనం అనుభవాల మీద 2011లో వచ్చిన పుస్తకం. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారుల జంటవి. అబ్బ, ఏం బొమ్మలండీ! మామూలు కామిక్స్‌లో ఉండే గళ్ళు ఇందులో లేవు. మనుషుల్ని డబ్బాల్లో బంధించమని ఆ ఇద్దరూ ఒప్పుకోలేదట. మాటల బుడగలు చూడండి. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం పేరుతో ఈసడించేవాళ్ళ మాటకి తేలు కొండి ఉంటుంది. అది గమనించాక బుడగ కనబడగానే, అందులో ఏముందో చదవకముందే ఒళ్ళు జలదరించింది. అయితే నచ్చనిది కూడా చెప్పాలి. కథకి అటూ ఇటూ ఈ కాలం మనుషులు ఇద్దరు రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటారు. ఒకరికి ఏమీ తెలియదు, ఇంకొకరికి అన్నీ తెలుసు. ఆ సంభాషణ పాఠం చెప్పినట్టుంది. నీళ్ళు ముట్టుకోనివ్వని బడిలో దాహంతో కూర్చున్న పిల్లాడి బొమ్మ చెప్పగలిగిన దాంట్లో పదో వంతు కూడా అది చెప్పలేకపోయింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న పుస్తకం డాక్టర్ పి. శ్రీదేవి రాసిన కాలాతీత వ్యక్తులు. తెలుగు స్వతంత్ర పత్రికలో 1957-58లో సీరియల్‌గా వచ్చింది. 1963 నాటి చదువుకున్న అమ్మాయిలు సినిమాకి ఆధారం ఇదే. సినిమా టీవీలో చూసినవాళ్ళు నవల కూడా అంత తేలిగ్గా ఉంటుందనుకోకండి. ఇందులో ఇందిర ఉంది. తన సంపాదనతో తండ్రిని పోషిస్తూ, తనకి కావలసింది తనే చెయ్యి చాచి తీసుకునే మనిషి. ప్రకాశం అనే కుర్రాడికి కల్యాణి అనే అమ్మాయి మీద ఉన్న ఇష్టాన్ని కళ్ళారా చూస్తూనే అతన్ని తన వైపు తిప్పుకుంటుంది. కల్యాణి విషయంలో ఇందిర ప్రవర్తన చదువుతుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. అలాంటిది, తన మేనమామ వచ్చి రమ్మనగానే ప్రకాశం నోరు మెదపకుండా వెళ్ళిపోయినప్పుడు, నేను పూర్తిగా ఇందిర పక్షాన ఉన్నాను! ఎప్పుడు అటు మారానో నాకే తెలియలేదు. రచయిత్రి ఎక్కడా ఇందిర మంచిదని చెప్పదు, చెడిపోయిందనీ చెప్పదు. చివర్లో శిక్ష వెయ్యదు. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్లని నవలలో పెడితే బావిలోనో రైలు కిందో తేల్చడం ఎంత సులువు? ఇందిర కృష్ణమూర్తి అనే అతన్ని పెళ్ళి చేసుకుని తన దారిన తాను బతుకుతుంది. శ్రీదేవి 1961లో చిన్న వయసులోనే చనిపోయారు. ఆవిడ నవల ఇదొక్కటే. చదవడం అయిపోయాక నాకు మిగిలిన పెద్ద బాధ అదే.

బుచ్చిబాబు నవల చివరకు మిగిలేది గురించి నేను చెప్పేది చాలామందికి నచ్చదు. ఆయన వాక్యం అందంగా ఉంటుంది, ఆ మాట ఎవరూ కాదనలేరు. కథానాయకుడు దయానిధి కూడా లోపాలున్న మనిషే. తల్లి మీద పడ్డ మచ్చ అతన్ని వెంటాడటం నాకు అర్థమైంది. కానీ కోమలి, అమృతం, ఇందిర (ఈమె వేరే ఇందిర, దయానిధి భార్య), ఇంతమంది ఆడవాళ్ళు అతని ఆలోచనలకు ముడిసరుకు అయిపోయారనిపించింది. దయానిధితో గడిపిన ఆ రాత్రి తర్వాత అమృతం తన ఇంటికి వెళ్ళి ఏం ఆలోచించింది? నాకు ఆమె కథ కావాలి. దయానిధి తన గురించి తను ఎంత లోతుగా తవ్వుకున్నా, అవతలి మనిషికి ఎంత తగిలిందో చూడడు. వ్లాదెక్ పక్కన మాలా ఉంది, ఆమె కోపానికి పుస్తకంలో చోటుంది. ఇక్కడ ఆ చోటు నాకు దొరకలేదు. గొప్ప నవలే కావచ్చు, నాకు దగ్గర కాలేదు.

ఇంకో సంగతి, ఇది ప్రచురణకర్తలకి. ముందుమాటల్లో కథ మొత్తం చెప్పెయ్యకండి. ఇద్దరు ముగ్గురు పెద్దల మాటలు, ఆ తర్వాత అభినందన, ఆపైన కృతజ్ఞతలు. ఈ మధ్య కొన్న ఒక నవలలో రెండో ముందుమాటలోనే ఎవరు చనిపోతారో, ఎందుకు చనిపోతారో రాసేశారు. పెద్దవాళ్ళ విశ్లేషణ మీద నాకు గౌరవముంది. దాన్ని వెనక పేజీల్లో వెయ్యండి. కథ చదివాక ఇష్టంగా చదువుకుంటాం. కొత్తగా చదవడం మొదలుపెట్టిన పిల్లలు ఆ ఇరవై పేజీలు దాటలేక పుస్తకం పక్కన పడేస్తున్నారు.

మనకి బొమ్మ కొత్తకాదు. చందమామలో చిత్రా, శంకర్, వపా (వడ్డాది పాపయ్య) గీసినవి చూస్తూ పెరిగాం. బాపు గీతని ఎక్కడున్నా గుర్తుపడతాం. పెద్దవాళ్ళ జీవితాన్ని, మన ఇళ్ళలో జరిగేదాన్ని, తండ్రి మొండితనాన్ని, తల్లి పక్షపాతాన్ని తెలుగులో అలా నిజాయితీగా గీసిన పుస్తకం ఒకటి నాకు కావాలి. మీకు తెలిసినవి ఉంటే పేర్లు పెట్టండి, ఎక్కడ దొరుకుతాయో కూడా రాయండి.