పత్తి కట్టె పురుగుకు తిండి కాదు

2021 ఆగస్టులో కేంద్రం ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించాక వరంగల్, మహబూబాబాద్, ములుగు జిల్లాల్లో నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొస్తున్నాయి. గెల నుంచి పండ్లు రాల్చుకున్నాక మిల్లులో మిగిలే ఖాళీ గెల బరువు తెచ్చిన పంటలో దాదాపు ఐదో వంతు. దీనికి తోడు పత్తి కట్టె, అరటి బోదెలు, జగిత్యాల మామిడి వ్యర్థాలు. అన్నింటికీ బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలే (కుళ్లే వ్యర్థాన్ని తినే దాని పిల్ల పురుగులే) మందు అన్నట్టు మాట్లాడుతున్నారు. అందులో సగమే నిజం.

ఈ లార్వా మెత్తటి, తడి తిండిని మాత్రమే వేగంగా తింటుంది. 60×40 సెంటీమీటర్ల ట్రేలో ఐదు రోజుల వయసు లార్వాలు పదివేలు వేసి, 15 కిలోల తడి వ్యర్థాన్ని మూడు దఫాలుగా పెడితే పన్నెండు రోజుల్లో పని అయిపోతుంది. మేత మందం ఐదు సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే అడుగున గాలాడక కుళ్లు వాసన కొడుతుంది. తేమ 70 నుంచి 75 శాతం ఉండాలి. పిడికిట పట్టి పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు.

పత్తి కట్టె, ఖాళీ గెలల్లోని లిగ్నిన్‌ను, అంటే మొక్కకు కట్టెలా గట్టిదనం ఇచ్చే పదార్థాన్ని మాత్రం ఇది అరిగించుకోలేదు. అలాగని వాటిని పక్కన పడేయనక్కర్లేదు. అరటి బోదెలో తొంభై శాతానికి పైగా నీరే. దాన్ని ఒంటిగా వేస్తే ట్రే బురదవుతుంది. అందులో కట్టె పొడి గానీ గెల నార గానీ కలిపితే నీటిని పీల్చి గాలికి దారిస్తుంది. నారను ఒకటి రెండు సెంటీమీటర్లకు నరకాల్సిందే. పొడుగు పోగులు మిగిలితే చివర్లో జల్లెడ పట్టేటప్పుడు పురుగులు చిక్కుకుని విడిపడవు. ఈ నార తిండి కాదు, లార్వాలు తినగా మిగిలే ఎరువులోకి అలాగే వస్తుంది. ఆ ఎరువును కుప్పపోసి మరికొన్ని వారాలు మాగనివ్వకుండా నారుమడిలో వేస్తే మొలక దెబ్బతింటుంది.

అసలు చిక్కు ఎండలతోనే. మామిడి వ్యర్థం ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. లార్వాలకు హాయిగా ఉండేది 27 నుంచి 30 డిగ్రీలు. బయట 42 ఉన్నప్పుడు, వాటి కదలికతో ట్రే ఇంకా వేడెక్కి, పురుగులు గోడలెక్కి పారిపోతాయి, మిగిలినవి చస్తాయి. తడి గోనెలు, పలుచని మేత పొర, రాత్రిపూట మేత వేయడం, ఈ మూడూ లేకుండా వేసవిలో ఈ పని మొదలుపెట్టకూడదు.

మరో ప్రమాదం పురుగుమందు. పురుగు కుబుసం విడవకుండా అడ్డుకునే మందులు కొట్టిన పత్తి, మిరప చెత్త వేస్తే ఈ లార్వాలూ చస్తాయి.

ఖాళీ గెలలను తోటలో కుప్పలుగా వదిలేయడం ఇంకా చేటు. అందులో పెరిగేది ఆయిల్ పామ్ మొవ్వును తొలిచే కొమ్ము పురుగు. దాని పిల్ల తెల్లగా, లావుగా, వంకర తిరిగి, కాళ్లతో ఉంటుంది. సోల్జర్ ఫ్లై లార్వా చదునుగా, కాళ్లు లేకుండా ఉంటుంది. పెంటకుప్పలో దొరికిన ప్రతి పురుగునూ ట్రేలో వేసుకునేవారు ఈ తేడా చూడాలి.

గుడ్ల కోసం ప్రతి రైతు ఇంట్లో ఈ ఈగల పంజరం పెట్టమనడం సరికాదు. ఈగ ఎండ వెలుతురులోనే జతకడుతుంది, మబ్బు రోజుల్లో గుడ్లు తగ్గిపోతాయి. దాన్ని సాకడం వేరే నైపుణ్యం. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట ఈగలను సాకి, ఐదు రోజుల లార్వాలను మిల్లుల దగ్గర, మామిడి మార్కెట్ల దగ్గర పెట్టే యూనిట్లకు ఇవ్వాలి. రైతుకు చేరాల్సింది మాగిన ఎరువు, కోళ్లకు ఎండబెట్టిన పురుగు.