మడ మొక్కకి మంచినీళ్ల ట్యాంకర్

మా తీరంలో ఉప్పునీటి బురదలో బతికే తెల్లమడ మొక్కలకి మొన్న మంచినీళ్ల ట్యాంకరొచ్చింది. ఎదురుగా సముద్రం, పక్కన ఉప్పుటేరు, అయినా వచ్చింది. కుళాయి ఎండి నాలుగు రోజులైందని బిందెలతో పరిగెత్తిన ఆడవాళ్లని "ఇది మొక్కలది, తప్పుకోండి" అని గదమాయించారు. న్యాయమే కదండీ, మనకి ఉప్పునీళ్లు అలవాటే.

నాటింది ఎక్కడనుకున్నారు? పోటు ఎక్కని ఇసుక దిబ్బ మీద. బురదలో నాటితే బూట్లు పాడైపోవూ! షామియానా వేశారు, కొబ్బరి బొండాలు కొట్టారు, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా మొక్కని గుంటలో దింపి ఫొటో దిగారు. సంచి ఉంటే వచ్చే ఏడాది మళ్లీ నాటడానికి వీలని కాబోలు. పీతల వేటకెళ్తున్న మా బాబాయ్ ఆగి, "ఆయ్, అది బురద మొక్కండి, దానికి పోటు తగలాలండి" అన్నాడు. "ఎస్టిమేట్‌లో ట్యాంకరుందయ్యా, పోటు లేదు" అన్నారు. బాబాయ్‌కి ఎస్టిమేట్లు తెలీవు, పాపం.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో, మడ చచ్చిన నేలలో చేపముల్లులా కాలవలు తవ్వారు. పోటుకి నీళ్లు లోపలికొచ్చి, పాటుకి బయటికి పోయాయి. ఆ కాలవల వార నాటిన మొక్కలు బతికాయి. ఆ పద్ధతిలో లోపం ఒక్కటే: శిలాఫలకం పెడితే బురదలో దిగబడిపోతుంది.

ఊళ్లో వాననీటి సంగతీ ఇంతే. నీళ్లు ఆగి ఇంకే కుంటలు పూడ్చి ప్లాట్లు వేశారు, డ్రెయిన్‌ని గుర్రపుడెక్కకి రాసిచ్చేశారు. 2011లో కోనసీమ రైతు క్రాప్ హాలిడే అని పంట వేయడం మానేశాడంటే ఈ ముంపు కూడా ఒక కారణమే. మరి మొన్నటి వానకి ఏం చేశారంటారా? డ్రెయిన్ గోడకి నీలం రంగేసి డాల్ఫిన్ బొమ్మ గీశారు. ఆ డాల్ఫిన్ మా వంటింటి వైపే చూస్తోంది, నీళ్లూ అటే వస్తాయి గనక.

నవ్వొస్తోందా? 1996 నవంబర్ 6 తుపాను రాత్రి నాకు నవ్వు రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వెళ్లి అడగండి, వేటకెళ్లిన వాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారో. ఉప్పెనకి మడ అడ్డం నిలబడుతుందని అక్కడ పసిపిల్లాడికీ తెలుసు. ఆ మడని నరికి రొయ్యల చెరువులు తవ్విన చేతుల్తోనే ఇసుకలో నాలుగు కర్రలు పాతి దండలేయించుకుంటారా? సిగ్గు లేదూ!

ట్యాంకర్ మళ్లీ సోమవారం వస్తుందట. ఈసారి బిందె పట్టుకుని నేనే ఒక గుంటలో నిలబడతాను. సంచి తొడుక్కునే.