అదంతా ఫేకండీ!

టీవీలో కుస్తీ వస్తోందంటే చాలు, వెనకనుంచి వచ్చి సోఫా మీద చెయ్యి ఆనించి "అదంతా ఫేకండీ" అని తీర్పు చెప్పే పెద్దమనిషి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కొకరు ఉంటారు. లిఫ్టు, బోరు, జనరేటరుతో పాటు ఈయన్ని కూడా చూపిస్తేనే బిల్డర్‌కు అనుమతులొస్తాయేమోనని నా అనుమానం. మా బ్లాకుకు దక్కినాయన అసోసియేషన్ ప్రెసిడెంటు కూడా. పేరుకు ముందు డాక్టర్ అని ఉంటుంది. ఆయన నాడి చూడరు, థీసిస్ రాయలేదు. ఆ డాక్టర్ సంగతికి తర్వాత వస్తాను. అది ఎక్కడికీ పోదు, గేటు దగ్గర బోర్డు మీదే ఉంటుంది.

2023 సెప్టెంబర్ 8న టీవీ కుస్తీ వీరుడు జాన్ సీనా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చాడు. చిన్నప్పుడు కుస్తీ వీరుల ట్రంప్ కార్డుల్లో ఛాతీ ఎంత, బైసెప్స్ ఎంత, ర్యాంకు ఎంత అని కొట్టుకున్న తరం మొత్తం, ఈఎంఐలూ బీపీ మాత్రలూ ఇంట్లో వదిలేసి అటు పరిగెత్తింది. ఆ సాయంత్రం మా పార్కింగ్‌లో సీనా టీషర్టు వేసుకుని తండ్రి బండి కోసం ఎదురుచూస్తున్న ఒక పిల్లాణ్ని మా డాక్టర్ గారు పట్టుకున్నారు. "ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకుంటారు, తెలుసా నీకు?" అని అడిగారు. "తెలుసంకుల్" అన్నాడు వాడు, బండెక్కి వెళ్లిపోయాడు. వాడికున్న నిగ్రహం నాకు లేదు. అందుకే ఈ వ్యాసం.

ఎవరికీ తెలియని రహస్యాన్ని తానొక్కడే తవ్వి తీసినట్టు చెబుతారు చూడండి, అక్కడ మండుతుంది. సీనా కుస్తీ పట్టే డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ వాళ్లే (అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్) 1989లో న్యూజెర్సీ సెనేట్‌కు స్వయంగా చెప్పుకున్నారు, మాది పోటీ కాదు బాబూ, వినోదం అని. క్రీడ అంటే రాష్ట్రం నిబంధనలూ పన్నులూ వచ్చిపడతాయి మరి. ముప్పై ఏళ్లు దాటాక మన పార్కింగ్‌లో ఇది బ్రేకింగ్ న్యూస్.

డాక్టర్ గారి జ్ఞానోదయం కోసం జెర్రీ లాలర్ అనే ఆయన చరిత్ర కాస్త చెప్పాలి. మనవాళ్లకు ఆయన కామెంటరీ బల్ల దగ్గర కిరీటం పెట్టుకుని కేకలు వేసే ముసలాయనగానే తెలుసు. అంతకుముందు రెండు దశాబ్దాలు ఆయన అమెరికాలోని మెంఫిస్ చుట్టుపక్కల మకుటమున్న మహారాజు. అప్పట్లో అక్కడి కుస్తీ కంపెనీలు, మనవాళ్లు సినిమాకు నైజాం, సీడెడ్ అని పంచుకున్నట్టు, దేశాన్ని ఏరియాలుగా పంచుకున్నాయి. 1948లో నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్ అని ఒక కూటమి కూడా కట్టాయి. ఒకరి ఏరియాలోకి ఇంకొకరు రాకూడదు. ఎవరి ఏరియాకు వాళ్ల ఛాంపియన్, వాళ్ల విలన్, వాళ్ల బెల్టు.

లాలర్ సర్క్యూట్ ఏమిటంటే, సోమవారం రాత్రి మెంఫిస్‌లో మిడ్ సౌత్ కొలీజియం, మంగళవారం లూయీవిల్, బుధవారం ఎవాన్స్‌విల్. శనివారం పొద్దున టీవీలో లైవ్. ఆ లైవ్‌లో కామెంటేటర్ లాన్స్ రస్సెల్ పక్కన కూర్చునే డేవ్ బ్రౌన్ అసలు ఉద్యోగం అదే ఛానెల్లో వాతావరణం చెప్పడం. వాన పడుతుందా లేదా చెప్పిన నోటితోనే సోమవారం ఎవరు ఎవరిని చితక్కొట్టబోతున్నారో కూడా చెప్పేవాడు. ఆ రెంటిలో కుస్తీ సంగతే ఎక్కువసార్లు నిజమై ఉంటుందని నా నమ్మకం.

లాలర్ కుస్తీలోకి వచ్చిందే బొమ్మలు గీసి. పహిల్వాన్ల కార్టూన్లు గీసి పంపిస్తే రస్సెల్ వాటిని టీవీలో చూపించాడు, అలా పరిచయం. 1974లో జాకీ ఫార్గో అనే పెద్దాయన్ని ఓడించి రాజు అయ్యాడు. ఇక అక్కడినుంచి గెలవడం, ఓడడం, మళ్లీ గెలవడం. జీవితకాలంలో 150కి పైగా టైటిళ్లు. అన్నిసార్లు గెలవాలంటే దాదాపు అన్నిసార్లూ ఓడాలి కదా! సోమవారం ఓడితేనే వచ్చే సోమవారం టిక్కెట్టు తెగుతుంది. ఊళ్లో జనానికి ఈ లెక్క తెలియదంటారా? మిల్లులో, గోడౌన్లో ఒళ్లు హూనం చేసుకుని డబ్బిచ్చి లోపలికొచ్చే మనిషికి, ఉచితంగా సలహాలిచ్చే మనకంటే లెక్కలు బాగానే వస్తాయి.

ఇంకో పద్ధతి ఉండేది, ఓడినవాడు ఊరొదిలి పోవాలి. నిజంగానే పోయేవాడు, పక్క ఏరియాలో నాలుగు నెలలు పనిచేసుకోవడానికి. కొందరైతే కొన్నాళ్లకే ముసుగేసుకుని కొత్త పేరుతో దిగేవాళ్లు. అదే పొట్ట, అదే నడక, అదే పట్టు. హాలు మొత్తం గుర్తుపట్టేది. ఎవరూ బయటపెట్టేవారు కాదు. దీన్ని సభామర్యాద అంటారు డాక్టర్ గారూ.

ఆండీ కాఫ్‌మన్ అనే కమెడియన్ వచ్చి, తనను ఓడించిన ఆడవాళ్లకు 1000 డాలర్లిస్తానని సవాలు చేసి, మెంఫిస్ వాళ్లకు సబ్బు ఎలా వాడాలో వీడియోలో నేర్పించి ఊరంతటినీ రెచ్చగొట్టాడు. 1982 ఏప్రిల్ 5న లాలర్ అతన్ని పైల్‌డ్రైవర్ అనే పట్టుతో తలకిందులుగా దించాడు. జులైలో డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోలో, మెడకు పట్టీతో కూర్చున్న అతన్ని చెంప పగలగొట్టాడు. 1984లో కాఫ్‌మన్ చనిపోయాడు. వాళ్లిద్దరూ కలిసే ఆ నాటకం ఆడారని బయటికి రావడానికి పదేళ్లపైన పట్టింది. మా బ్లాకులో మెయింటెనెన్స్ పెంచుతారన్న రహస్యం మీటింగు అయ్యేలోపే వాచ్‌మన్‌కు తెలిసిపోతుంది.

1988 మే 9న లాలర్ సొంతూళ్లో కర్ట్ హెన్నిగ్‌ను ఓడించి ఏడబ్ల్యూఏ అనే కుస్తీ కంపెనీకి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఏడాది తిరక్కముందే, ఓ పెద్ద షో డబ్బుల దగ్గర గొడవొచ్చి కంపెనీ టైటిల్ లాగేసుకుంది. ఈయన బెల్టు మాత్రం తిరిగివ్వలేదు. కంపెనీ వేరే బెల్టు చేయించుకోవాల్సి వచ్చింది. ఈ బెల్టు సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు మా డాక్టర్ గారి ఛాంపియన్‌షిప్ రోజుల్లోకి వెళ్తున్నాం.

ఆయన సర్క్యూట్ చిక్కడపల్లి నుంచి లక్డీకాపూల్ దాకా. ఈ ఏరియాలో ఏటా ఎన్ని పురస్కారాలు చేతులు మారతాయో లెక్కగట్టినవాళ్లు లేరు. ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసే సభకు, మెయింటెనెన్స్ రసీదుతో పాటు ఆహ్వానపత్రిక కూడా ఇచ్చారు కాబట్టి బ్లాకు మొత్తం వెళ్లాం. కార్డులో ఐదు గంటలు అని ఉంది. ముఖ్య అతిథి ఏడున్నరకొచ్చారు. ఈలోగా ఒక పాప కూచిపూడి చేసింది. అతిథి ఇంకా రాలేదని అదే పాటకు మళ్లీ చేసింది. మూడోసారి పిలిస్తే వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

వేదిక మీద నలభై మంది కాబోయే డాక్టర్లు, అందరికీ నల్లగౌన్లు, నెత్తిన కుచ్చుల టోపీలు. కింద కుర్చీల్లో వాళ్ల బంధువులు. పట్టా ఇస్తున్న అంతర్జాతీయ విశ్వవిద్యాలయం చిరునామాలో ఫ్లాట్ నంబరుంది. 'నామమాత్రపు రుసుము' ఎవరు ఎంత కట్టారో వరసను బట్టి తెలిసిపోతోంది, ఎక్కువ కట్టినవాళ్లు మధ్యలో. మా డాక్టర్ గారిది సమాజసేవ విభాగం. కరోనా టైమ్‌లో లిఫ్టు దగ్గర శానిటైజర్ పెట్టించారట. దాని డబ్బు మా అందరి దగ్గరా వసూలు చేశారని సన్మానపత్రంలో రాయలేదు.

ఆ సాయంత్రానికి అసలైన క్రీడాకారుడు ఒకడున్నాడు, శాలువాల కుర్రాడు. డాక్టర్లు నలభై మంది, శాలువాలు ఐదో ఆరో. అతిథి శాలువా కప్పుతారు, ఫోటో పడుతుంది, మనిషి పక్కకు తిరిగేలోపు వెనకనుంచి కుర్రాడు చప్పుడు లేకుండా లాగి, మడిచి, పళ్లెంలో పెట్టి తర్వాతి డాక్టరుకు అందిస్తాడు. ఏం వేగం! ఒక్కరూ అడ్డుచెప్పలేదు, రూలు ముందే తెలుసు కాబోలు. మా డాక్టర్ గారి వంతు వచ్చింది. శాలువా పడింది. ఫోటోగ్రాఫర్ "సార్, ఇంకోసారి, నవ్వుతూ" అన్నాడు. నవ్వారు. కుర్రాడు లాగాడు. శాలువా రాలేదు. మా డాక్టర్ గారు రెండు కొసలూ పిడికిట్లో బిగించారు! కుర్రాడు కాలు తన్నిపట్టి మళ్లీ లాగాడు. టోపీ పడిపోయింది. ముఖ్య అతిథి చప్పట్లు ఆపేశారు. యాంకరమ్మ "సేవే పరమావధిగా..." అని చదువుతూనే ఉంది. కుర్రాడు "సార్, వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు సార్" అని బతిమాలుతున్నాడు. ఆయన ముఖం ఫోటోగ్రాఫర్ వైపు, నవ్వు చెదరలేదు, వేళ్లు మాత్రం వదల్లేదు. నేను చూసిన కుస్తీలన్నిటిలో ఫలితం ముందే తెలియనిది అదొక్కటే. శాలువా చిరిగేలా ఉందని కుర్రాడే వదిలేశాడు. డాక్టర్ గారు గెలిచారు. మెమెంటో మీద ఇంకెవరి పేరో ఉంది, అయినా అది కూడా తెచ్చుకున్నారు. లాలర్ తనకు డబ్బులివ్వలేదని బెల్టు ఉంచుకున్నాడు, ఈయన తాను డబ్బులిచ్చాను కాబట్టి శాలువా ఉంచుకున్నారు. ఇద్దరిదీ న్యాయమే.

దీని మీద నాకేం కోపం లేదు. ముచ్చటపడ్డారు, కొనుక్కున్నారు. లాలర్ కూడా 1999లో మెంఫిస్ మేయర్‌గా పోటీచేసి ఓడిపోయాడు, మనిషన్నాక ఆశలుంటాయి. కానీ ఆ గౌనుతోనే ఇంటికొచ్చి, టీవీ ముందు నిలబడి మళ్లీ "అదంతా ఫేకండీ" అంటే?

1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే పహిల్వాన్‌ను ఈకల కోటుతో పైకప్పు నుంచి తాడుకు వేలాడదీసి దించబోతే, కొక్కెం ఊడి రింగులో పడి చచ్చిపోయాడు. కామెంటరీ బల్ల దగ్గరున్న లాలర్ పరిగెత్తి వెళ్లి చూసి పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. ఇది షోలో భాగం కాదని తోటి కామెంటేటర్ జిమ్ రాస్ మైకులో చెప్పాల్సి వచ్చింది. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక, అదే రింగులో మిగతా కుస్తీలన్నీ నడిపించారు, సిగ్గు లేకుండా. 2012 సెప్టెంబర్ 10న మాంట్రియల్‌లో, 62 ఏళ్ల లాలర్ కుస్తీ పట్టి వచ్చి, కామెంటరీ చెబుతూ చెబుతూ గుండె ఆగి కుప్పకూలాడు. డాక్టర్లు, అసలైన డాక్టర్లు, ఛాతీ నొక్కి బతికించారు. అప్పుడూ చెప్పాల్సి వచ్చింది, ఇది షో కాదని. గెలుపు ఎవరిదో ముందే రాసుకుంటారు సరే, వెన్నెముకకు ఏ స్క్రిప్టు ఇస్తారు? పైనుంచి పడ్డవాడికి చెక్క చెక్కే, ఎముక ఎముకే.

ఇదీ పోనిద్దాం, అమెరికా వాళ్ల గోల. 2023 మే 28. ఢిల్లీలో కొత్త పార్లమెంటు ప్రారంభిస్తున్న రోజే, లైంగిక వేధింపుల మీద న్యాయం అడిగిన మన ఆడపిల్లలను, కుస్తీలో దేశానికి పతకాలు తెచ్చినవాళ్లను, పోలీసులు రోడ్డు మీద ఈడ్చి బస్సెక్కించారు. ఆ బస్సులో వినేశ్ ఫొగాట్, సంగీతా ఫొగాట్ దిగిన ఫోటో ఒకటి ఉంది. వాళ్ల ముఖాల్లో నవ్వు లేదు. ఎవడో దరిద్రుడు కంప్యూటర్లో కూర్చుని ఆ ముఖాలకు నవ్వులు అతికించి వదిలాడు. అది మా బ్లాకు వాట్సాప్ గ్రూపుకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఊహించగలరా? కింద "చూశారా, అంతా డ్రామా" అని కూడా రాశారు. పళ్లికిలిస్తున్న ఆ దొంగ ఫోటోను మాత్రం ఈ మహా విమర్శకుడు ఒక్క క్షణం అనుమానించలేదు! అసలు ఫోటో పంపాను. "రెండు వైపులా ఉంటాయండీ" అని బదులొచ్చింది. ఏంటండీ రెండు వైపులు? ఆ తర్వాత రెండ్రోజులకు వాళ్లు పతకాలు గంగలో కలిపేస్తామని హరిద్వార్ వెళ్లి ఏడ్చారు. రియోలో ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మలిక్ ఆ డిసెంబర్‌లో బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీ మానేస్తున్నానంది. దాని మీద మా ప్రెసిడెంటు గారి అభిప్రాయం, "యాక్టింగ్ బాగుంది." ఒంటికి ఏడు గజాల దూరంలో కూడా ఎన్నడూ మట్టి తగలనివాడు, చిరగబోయే శాలువా కోసం సాటి కుర్రాడితో కలబడ్డవాడు, ఆ పిల్లల కన్నీళ్లకు మార్కులు వేస్తాడా?

సరే. వచ్చే ఆదివారం అసోసియేషన్ ఎన్నికలు. నేను ఒక తీర్మానం రాసి సెక్రటరీ గారికిచ్చాను. మెంఫిస్ పద్ధతి ప్రకారం, ఓడినవారు బ్లాకు ఖాళీ చేసి పోవాలి, కనీసం మియాపూర్ దాకా. గేటు దగ్గర బోర్డు తీసుకెళ్లవచ్చు, శాలువా ఎలాగూ ఆయనదే. నాలుగు నెలల తర్వాత ముసుగేసుకుని, కొత్త పేరుతో, అదే పొట్టతో, అదే నడకతో సెల్లార్‌లోకి దిగితే గుర్తుపట్టనట్టు నటించడానికి నా తరఫున అభ్యంతరం లేదు. అయితే ఒక షరతు. ముసుగుకు నోటి దగ్గర రంధ్రం ఉండకూడదు.