కూల్చేయాల్సిన కొట్టం కాదది

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ అనే పల్లెప్రాంతం ఉంది. అక్కడ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1816లో కట్టుకున్న చెక్క సమావేశ మందిరాన్ని 2006లో పెనుగాలి దెబ్బతీసింది. అప్పటికే దాన్ని మందిరమని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. 1927లో ఓ రైతు కొని పక్కకు జరిపించాక దశాబ్దాలపాటు అది సామాన్ల కొట్టంగానే ఉండిపోయింది. ఇక కూల్చేయడమే అనుకున్న దశలో స్థానికులు, చరిత్రకారులు, క్వేకర్లు జట్టుకట్టి దాన్ని నిలబెట్టారు. వాళ్లు పూనుకోకపోతే ఎంత పోయేదో తెలుగు పాఠకులకూ తెలియాలి.

సంప్రదాయ క్వేకర్ల మందిరంలో విగ్రహం ఉండదు, పూజారి ఉండడు. అందరూ బెంచీల మీద మౌనంగా కూర్చుంటారు. చెప్పాలనిపించినవాళ్లు లేచి మాట్లాడతారు, ఆడవాళ్లయినా సరే. ఆ రోజుల్లో స్త్రీల వ్యవహారాల సభ వేరుగా జరిగేది. దాన్ని నడిపిందీ, మినిట్స్ రాసిందీ స్త్రీలే. ఓటు హక్కు లేని కాలంలో వాళ్లకు అదే బడి. 1848 జులైలో అదే రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ ఊళ్లో జరిగిన సభలో మహిళా హక్కుల ప్రకటనపై సంతకాలు చేసిన 100 మందిలో ఈ ప్రాంతపు క్వేకర్లు ఎందరో ఉన్నారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆస్టిన్ స్టీవర్డ్‌కు ఆశ్రయం దొరికిందీ ఫార్మింగ్టన్ క్వేకర్ ఇంట్లోనే.

అన్నిటికన్నా మమ్మల్ని కదిలించింది సెనెకా ఆదివాసుల భూముల కథ. 1838లో ఓ భూముల కంపెనీ లంచాలతో, బెదిరింపులతో బఫలో క్రీక్ ఒప్పందం రాయించుకుంది. న్యూయార్క్‌లో సెనెకాలకు మిగిలిన నాలుగు ప్రాంతాలూ దానితో పోతాయి. ఆ మోసంపై సెనెకాలు పోరాడారు. ఫార్మింగ్టన్‌లో సమావేశమయ్యే క్వేకర్లు, ఇతర నగరాల క్వేకర్లతో కలిసి వాళ్లకు తోడు నిలిచారు. 1842 ఒప్పందంతో రెండు ప్రాంతాలు దక్కాయి. ఆ నాలుగింట్లో ఒకటైన బఫలో క్రీక్ పోయింది. నాలుగోదైన టొనవాండాలోని సెనెకాలు మాత్రం పట్టు వదలక, 1857లో తమ నేలలో చాలా భాగాన్ని తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు. సగమే గెలుపు, నిజమే. ఆ సగంలో సెనెకాల పోరాటంతోపాటు, ఇలాంటి బెంచీల మీద కూర్చుని అర్జీలు రాసినవాళ్ల చలవా ఉంది.

ఇలాంటి మందిరాల పక్కనుండే సమాధుల సంగతి ఇంకా కష్టం. ఆడంబరం కూడదని పాతకాలపు క్వేకర్లు పేరున్న రాయి పెట్టేవాళ్లు కాదు, పెట్టినా మోకాలెత్తు మించనిచ్చేవాళ్లు కాదు. ఎవరు ఎక్కడున్నారో తెలియాలంటే పాత జనన మరణ రిజిస్టర్లే దిక్కు. అందుకే గడ్డి కోయడంతో ఇలాంటి చోట్లను కాపాడే బృందాల పని అయిపోదు. కాగితాలనూ కాపాడాలి.

మన బందరులో డచ్చివాళ్ల సమాధులను పురావస్తు శాఖ రక్షిస్తోంది. చెక్కిన రాళ్లు, వంశ చిహ్నాలు కంటికి ఆనుతాయి కాబట్టి రక్షణ దొరికింది. రాయి కూడా లేని మన పల్లె శ్మశానాలకు, ముఖ్యంగా దళితవాడల శ్మశానాలకు ఆ అదృష్టం లేదు. చాలాచోట్ల పక్క పొలం గట్టు ఏటా కొంత లోపలికి జరుగుతూనే ఉంది. ప్రతి పంచాయతీ తన శ్మశానాల సర్వే నంబర్లు బయటపెట్టి, కొలిపించి, హద్దురాళ్లు పాతించాలి. ఊళ్లో యువజన సంఘమో మహిళా సంఘమో ఆ నేల బాధ్యత అడిగితే రాతపూర్వకంగా అప్పగించాలి.