నడుస్తున్న నోడ్‌ను ముట్టుకోవచ్చా? ఒక వాదోపవాదం

బిట్‌కాయిన్ కోర్ అనేది, లావాదేవీలను స్వయంగా సరిచూసే నోడ్‌నూ, నాణేలను ఖర్చుపెట్టే రహస్య కీలను దాచే వాలెట్‌నూ నడిపే సాఫ్ట్‌వేర్. లావాదేవీల కట్టలను బ్లాక్‌లనీ, వాటి వరసను గొలుసనీ అంటారు.

వాదాంశం: బిట్‌కాయిన్ కోర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నోడ్‌నూ వాలెట్‌నూ ఆలస్యం చేయకుండా అప్‌గ్రేడ్ చేయాలి. కాదనేది పూర్వపక్షం, ఔననేది ఉత్తరపక్షం.

పూర్వపక్షం: సాఫీగా నడుస్తున్న నోడ్ జోలికి పోవద్దంటాను. 2026 జనవరిలో ఏమైందో చూడండి. పాత వాలెట్లను కొత్త డిస్క్రిప్టర్ పద్ధతికి (చిరునామాలు ఏ కీల నుంచి ఎలా పుట్టాలో రాసిపెట్టుకునే వాలెట్ రకం) మార్చే కోడ్‌లో లోపం ఉన్నట్టు తేలింది. అది 30.0, 30.1 వెర్షన్లు రెండింటిలోనూ ఉంది. పేరు పెట్టని పాత వాలెట్.డ్యాట్ (wallet.dat) ఫైలు ఉండి, ఆ మార్పిడి మధ్యలో విఫలమైతే, తర్వాత సర్దుకునే కోడ్ వాలెట్ల ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ చెరిపేసే అవకాశం ఉంది. ప్రూనింగ్ (పాత బ్లాకులను చెరిపేసి డిస్క్ ఆదా చేయడం) పెట్టుకున్న నోడ్‌లో అలా విఫలమయ్యే వీలు ఎక్కువ. ఆ రెండు వెర్షన్ల డౌన్‌లోడ్‌లు తీసేసి 30.2 ఇవ్వాల్సి వచ్చింది. బ్యాకప్ వేరేచోట లేనివాళ్ల సొమ్ము పోయేది. తొందరపడనివాళ్లకు ఈ బెడదే లేదు.

ఉత్తరపక్షం: అరుదుగా జరిగేదే అయినా చాలా పెద్ద తప్పు, ఒప్పుకుంటాను. అయితే అది నోడ్‌లో ఉన్న తప్పు కాదు, వాలెట్ మార్పిడిలోది. 30.0 వేసుకుని మార్పిడి జోలికి పోనివాళ్లకు ఏ హానీ లేదు. మీరు రెండు వేర్వేరు పనులను ఒకే మూట కట్టేశారు. నోడ్ సంగతి విడిగా చూద్దాం. 2018లో 0.15 నుంచి 0.16.2 దాకా ఉన్న వెర్షన్లలో, ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చుపెట్టిన బ్లాక్‌ను కూడా నోడ్ ఒప్పుకునే వీలుండేది. వేగం కోసం ఒక తనిఖీని వదిలేయడమే దానికి కారణం. సెప్టెంబరు 18న 0.16.3 వచ్చింది. నోడ్ కుప్పకూలే లోపం సరిచేశామని మాత్రమే ముందు చెప్పారు. లేని నాణేలు పుట్టించవచ్చన్న అసలు సంగతి రెండు రోజుల తర్వాత బయటపెట్టారు. విడుదల వివరాలు చదివి తీరిగ్గా తేల్చుకుందామని ఆగినవాళ్లకు ఆ రెండు రోజులూ అసలు ప్రమాదం ఏమిటో తెలియనే లేదు.

పూర్వపక్షం: మరి 2013 మార్చి మాటేమిటి? 0.8 వెర్షన్ డేటాబేస్‌ను బర్క్‌లీ డీబీ నుంచి లెవెల్‌డీబీకి మార్చింది. 225430 ఎత్తులో (గొలుసులో వరుస సంఖ్య) వచ్చిన ఒక పెద్ద బ్లాక్‌ను కొత్త నోడ్లు తీసుకున్నాయి, పాతవి తీసుకోలేకపోయాయి. గొలుసు రెండుగా చీలింది. ఆఖరికి వెనక్కి తగ్గింది కొత్త వెర్షనే. కొత్త బ్లాక్‌లు తయారుచేసే పెద్ద మైనింగ్ పూల్‌లు 0.7కు తిరిగి వెళ్లాకే గొలుసు ఒక్కటైంది.

ఉత్తరపక్షం: ఆ రోజుకు వెనక్కి తగ్గడమే సరైన పని. కానీ లోపం పాత వెర్షన్‌లో ఉంది. బర్క్‌లీ డీబీ ఒకేసారి పెట్టగల లాక్‌లకు (రికార్డులను మార్చేటప్పుడు వాటి మీద వేసే పట్లకు) ఒక పరిమితి ఉండేది. అంత పెద్ద బ్లాక్‌లో ఆ పరిమితి దాటిపోయింది. అలాంటి పరిమితి ఉందని ఎవరూ నియమంగా రాసుకోలేదు. తర్వాత వచ్చిన 0.8.1 ఆ పరిమితిని మే 15 దాకా తాత్కాలికంగా పాటించి, ఆ లోపు పాత నోడ్లు మారేందుకు గడువిచ్చింది. మారనివాళ్లే ఇబ్బంది పడాల్సి వచ్చింది. ఎథీరియం అనే ఇంకో గొలుసులో 2020 నవంబరు 11న జరిగింది కూడా ఇలాంటిదే. అక్కడి నోడ్లను నడిపే గెత్ సాఫ్ట్‌వేర్‌లో, బ్లాక్‌లను సరిచూసే నియమాల్లోని ఒక లోపాన్ని 1.9.17లో చడీచప్పుడు లేకుండా సరిచేశారు. అంతకంటే పాత వెర్షన్ నడుపుతూ ఇతర యాప్‌లకు నోడ్లు అందించే ఇన్ఫ్యూరా లాంటి పెద్ద సేవ కూడా తప్పుడు గొలుసు మీద ఉండిపోయింది.

పూర్వపక్షం: చడీచప్పుడు లేకుండా సరిచేయడాన్నే నేను తప్పుపడుతున్నాను. ఎందుకు మార్చాలో చెప్పకుండా మార్చమంటే, అది నమ్మకం మీద నడిచే వ్యవహారమైపోతుంది. నోడ్ నడిపేదే ఎవరినీ నమ్మాల్సిన అవసరం లేకుండా ఉండడానికి కదా?

ఉత్తరపక్షం: మొత్తం చెప్పేస్తే, అందరూ మారేలోపే దాడి చేసేవాళ్లకు దారి చూపినట్టవుతుంది. బిట్‌కాయిన్ కోర్ 2024లో దీనికొక పద్ధతి ప్రకటించింది. తీవ్రత తక్కువైతే సరిచేసిన వెర్షన్ వచ్చిన 2 వారాలకు వివరాలు చెబుతారు. మధ్యస్థమో ఎక్కువో అయితే, ఆ లోపమున్న చివరి వెర్షన్‌కు మద్దతు ముగిశాకే చెబుతారు. కాంపాక్ట్ బ్లాక్‌లో (లావాదేవీల బదులు వాటి పొట్టి గుర్తులు పంపే రూపం) లేని లావాదేవీలను అడిగి తెప్పించుకునే సందేశాల ద్వారా, దూరం నుంచే నోడ్‌ను పడగొట్టే లోపం ఒకటి ఉండేది. దాన్ని 2023 మేలో 25.0లో సరిచేశారు. బయటికి చెప్పింది 2024 అక్టోబరులో. అంతకాలం 24 నడిపినవాళ్ల దగ్గర ఆ లోపం అలాగే ఉంది. అందుకే విడుదల వివరాల్లో భద్రత మాట కనిపించకపోతే ఆగవచ్చనుకోవడం పొరపాటు.

పూర్వపక్షం: "అప్‌డేట్ చేసుకోండి" అన్న పిలుపునే ఎరగా వాడిన దొంగలూ ఉన్నారు. 2018 డిసెంబరులో ఎలక్ట్రమ్ వాలెట్ వాడేవాళ్లు డబ్బు పంపబోతే, దొంగ సర్వర్లు ఎర్రర్ సందేశం రూపంలో "కొత్త వెర్షన్ దించుకోండి" అని లింకు చూపాయి. ఆ సందేశం వాలెట్ కిటికీలోనే కనబడింది కాబట్టి జనం నమ్మారు. దించుకున్నవాళ్ల నాణేలు పోయాయి.

ఉత్తరపక్షం: దానికి మందు అప్‌గ్రేడ్ మానేయడం కాదు, దించుకున్నదాన్ని తనిఖీ చేయడం. వాలెట్ కిటికీలో వచ్చిన లింకును ఎప్పుడూ నొక్కకూడదు. బిట్‌కాయిన్ కోర్‌తో పాటు రెండు చిన్న ఫైళ్లు వస్తాయి, హాష్‌ల (ఫైలు నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యల) జాబితా ఒకటి, దాని మీద డెవలపర్ల సంతకాలు ఇంకొకటి. ముందు దించుకున్న ఫైలు హాష్ జాబితాతో సరిపోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇది చాలదు, ఎందుకంటే సైట్‌ను చేజిక్కించుకున్న దొంగ ఫైలుతో పాటు జాబితానూ మార్చగలడు. తర్వాత జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో సంతకాలు చూడాలి. సంతకాన్ని సరిచూసే తాళం (పబ్లిక్ కీ) మీ దగ్గర లేని డెవలపర్ల విషయంలో "పబ్లిక్ కీ లేదు" అని వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. "గుడ్ సిగ్నేచర్" కిందనే, ఈ తాళం నమ్మదగినదని ఎవరూ ధ్రువీకరించలేదన్న హెచ్చరిక కూడా వస్తుంది. ఆ తాళాన్ని మీరు ఇంకా ధ్రువీకరించలేదని మాత్రమే దాని అర్థం. దాని వేలిముద్రను (తాళాన్ని గుర్తుపట్టే పొట్టి సంఖ్యను) వేరే చోట సరిచూసుకుంటే చాలు. "బ్యాడ్ సిగ్నేచర్" అని ఒక్కటి వచ్చినా ఆ ఫైలు తీసేయాల్సిందే. ఒక్కరి సంతకంతో సరిపెట్టుకోకుండా ఇద్దరు ముగ్గురివి చూడాలని నా పట్టుదల.

పూర్వపక్షం: తనిఖీ చేశాం, వేసుకున్నాం, అది సరిగా నడవలేదు. అప్పుడు వెనక్కి రావడం ఎలా? 28.0 నుంచి మొదలుపెట్టిన కొత్త నోడ్‌లో బ్లాక్ ఫైళ్లను ఒక తాళంతో ఎక్సార్ చేసి (బిట్లను తారుమారు చేసి) దాస్తుంది. 27 వెర్షన్‌కు వాటిని చదవడం రాదు. వెనక్కి వెళ్లాలంటే వందల గిగాబైట్ల గొలుసును మొదటి నుంచి దించుకోవాలి. లైట్నింగ్ (ఇద్దరి మధ్య తెరిచిన ఛానెల్‌లో గొలుసు బయట చెల్లింపులు జరిపే పద్ధతి) నోడ్ అయితే మరీ ప్రమాదం. పాత ఛానెల్ డేటాబేస్ కాపీని తిరిగి పెట్టి నడిపితే, మీ నోడ్ రద్దైన పాత స్థితిని ప్రసారం చేయవచ్చు. అవతలివాళ్లు ఆ ఛానెల్‌లో మీ సొమ్మంతా జరిమానాగా తీసుకోగలరు.

ఉత్తరపక్షం: లైట్నింగ్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అక్కడ పాత కాపీతో వెనక్కి రావడమన్నదే ఉండకూడదు. బ్లాక్ ఫైళ్ల విషయానికొస్తే, అంతకుముందే ఉన్న ఫోల్డర్‌లో 28 వేసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, ఎక్సార్ కొత్తగా మొదలయ్యే ఫోల్డర్లకే. నిజానికి అప్‌గ్రేడ్‌లలో ఎక్కువ నష్టం వెర్షన్ వల్ల కాదు, సరిగా ఆపకపోవడం వల్ల జరుగుతుంది. స్టాప్ ఆదేశం ఇవ్వగానే "ఆగుతోంది" అని తెర మీద కనిపిస్తుంది. అది ఆగిపోయినట్టు కాదు. మెమరీలో ఉన్న నాణేల పట్టికను డిస్క్‌కు రాయడానికి నిమిషాలు పడుతుంది. డీబీక్యాష్ (ఆ పట్టికకు కేటాయించే మెమరీ) మామూలు కంటే బాగా పెంచుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. డీబగ్ లాగ్ చివర "షట్‌డౌన్: డన్" కనిపించేదాకా ముట్టుకోవద్దు. డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) నడిపేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది మామూలుగా 10 సెకన్లు చూసి ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆ గడువును 600 సెకన్లకు పెంచకపోతే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు బ్లాకులు తిరిగి లెక్కించుకోవాల్సి రావచ్చు. ఖర్మ బాగోలేకపోతే పూర్తి రీఇండెక్స్ (బ్లాక్ ఫైళ్లన్నిటినీ మళ్లీ చదివి పట్టికలు కట్టడం) చేయాలి.

పూర్వపక్షం: సరే, నోడ్ విషయంలో మీ వాదన చాలామటుకు నిలిచింది. వాలెట్ విషయంలో మాత్రం కదలను. పాత రకం వాలెట్ ఉన్నవాళ్లు 29 శాఖలోనే ఉండి, అందులో వచ్చే చిన్న సవరణలు వేసుకుంటూ పోవచ్చు. 29 ఇంకా పాత వాలెట్లను తెరుస్తుంది. 30 తెరవదు, మార్పిడి కోసం చదువుతుందంతే.

ఉత్తరపక్షం: 29కి మద్దతు ఉన్నంతవరకు అది సబబే. తర్వాత మార్పిడి తప్పదు, దాన్ని 30.2లో గానీ ఆ పైన గానీ చేయండి. నడుస్తున్న వాలెట్.డ్యాట్ ఫైలును చేత్తో కాపీ చేయకండి, బ్యాకప్‌వాలెట్ ఆదేశం వాడండి. ఆ కాపీని నెట్‌కు తగిలించని వేరే కంప్యూటర్‌లో తెరిచి, మీ పాత చిరునామాలు రెండు మూడు దానివేనని చెబుతోందో లేదో చూడండి. ముఖ్యంగా 2016 నాటి 0.13 కంటే ముందు పుట్టిన వాలెట్లకు ఇది తప్పనిసరి. వాటిలో కీలు ఒకే బీజం నుంచి రావు, ముందుగా 100 తయారుచేసి పెట్టుకుంటుంది. అవి అయిపోయాక పుట్టిన కీలు పాత బ్యాకప్‌లో ఉండవు.

పూర్వపక్షం: మార్పిడి అయ్యాక బ్యాలెన్స్ తగ్గినట్టు కనిపిస్తే?

ఉత్తరపక్షం: చూడడానికి మాత్రమే చేర్చుకున్న చిరునామాలు విడిపోయి, పేరు చివర వాచ్‌ఓన్లీ అని ఉన్న ఇంకో వాలెట్‌లోకి వెళ్తాయి. ముందు అక్కడ చూడండి. ఇంకో సంగతి. మార్పిడి సమయంలో అదే తీసి పెట్టే లెగసీ (పాత రకం వాలెట్) బ్యాకప్ ఉంది కదా అని ఊరుకోకండి. మార్పిడిలో కొత్త డిస్క్రిప్టర్లు పుట్టవచ్చు, ఆ తర్వాత వచ్చే చిరునామాలు వాటి నుంచే వస్తాయి, పాత కాపీకి వాటి గురించి తెలియదు. ఒక్క చిరునామా కూడా ఎవరికీ ఇవ్వకముందే కొత్తగా బ్యాకప్ తీసుకోండి.