గొంతు ఒకటే, భాష మారితే?

గొంతు విని మనిషిని గుర్తుపట్టే యంత్రాల గురించి మీ వ్యాసంలో, ఒక పరీక్ష ఫలితం చెప్పి, "మనిషి ఏ భాషలో మాట్లాడినా, గొంతు ఎంత మార్చినా యంత్రం పట్టేస్తుంది" అని రాశారు. అంత తేలిక కాదండీ. ఈ పని చేసే కంప్యూటర్ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి ఎక్కువగా వాడే వాక్స్‌సెలెబ్ అనే గొంతుల డేటా 2017లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు యూట్యూబ్‌లోని ప్రముఖుల ఇంటర్వ్యూల నుంచి తీసింది. మొదటి విడతలో 1,251 మంది. వాళ్లలో చాలామంది మాట్లాడింది ఇంగ్లీషే. రెండు గొంతులు ఎంత కలిశాయో మోడల్ మార్కులు వేస్తుంది; ఎన్ని మార్కులు దాటితే ఒకే మనిషి అనాలో ఒక గీత ఉంటుంది. ఇంగ్లీషు మీద సరిచూసుకున్న ఆ గీత వేరే భాషకి సరిగ్గా కుదరదు. అప్పుడు అసలు మనిషినే కాదంటుంది, లేదా పరాయివాణ్ణి రానిస్తుంది.

నాకూ ఒకసారి అయింది. ఫోన్ బ్యాంకింగ్‌లో ఇంగ్లీషులో గొంతు నమోదు చేసి, తర్వాత జలుబుతో తెలుగులో మాట్లాడితే మూడుసార్లూ తిప్పికొట్టింది. తప్పు జలుబుదో తెలుగుదో మరి!

2016లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్, ఇలాంటి మోడళ్లకు పెట్టే తన పరీక్షలో టగలాగ్ (ఫిలిప్పీన్స్ భాష), కాంటనీస్ (దక్షిణ చైనా భాష) ఫోన్ సంభాషణలు పెట్టింది. ఎవరివో పేర్లు లేని ఆ భాషల రికార్డింగులు కొన్ని ముందే ఇచ్చి, వాటికి మోడల్‌ని అలవాటు చేసుకోమంది. తెలుగుకీ ఆ దారి పనికొస్తుంది.

మారువేషం గొంతు ఇంకో తలనొప్పి. గుసగుసలాడితే స్వరతంత్రులు కంపించవు, ఇక శ్రుతి ఎక్కడిది? ముక్కు మూసుకుంటే మ, న పలుకులే మారిపోతాయి. అందుకే ఒకే మనిషిని మామూలుగా, గుసగుసగా, కీచుగా, రెండు భాషల్లో రికార్డు చేసి నేర్పాలి. మనమైతే సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి కూడా.

ఇంతకీ మీరు చెప్పిన ఫలితంలో నమోదు, పరీక్ష ఒకే భాషలో జరిగాయా?