కోకో కే బహమాస్‌లోనే ఉంది, మహాప్రభో!

థాంక్స్‌గివింగ్ సెలవులు దగ్గరపడేసరికి, కోకో కే అనే దీవికి క్రూజ్ (విహార ఓడ) ప్రయాణం గురించిన ఆ సందేశం మళ్లీ బయలుదేరింది. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, గుడి వలంటీర్ల గ్రూపులో వచ్చింది. ఇవన్నీ చాలవన్నట్టు మా బావగారు విడిగా పంపి, "నువ్వు చూశావో లేదో" అని కింద ఒక నమస్కారం బొమ్మ కూడా పెట్టారు. చూశాను బావగారూ. కంఠతా వచ్చేసింది.

అమెరికాలో ఉన్న తెలుగువారి కోసం ఎవరో మహానుభావుడు రాసిన "కోకో కే క్రూజ్ రహస్యాలు" అవి. ఆ దీవి రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ సొంతం కనుక విదేశం కింద లెక్క రాదట. వీసా గడువు తీరినా చేతిలో ఐ-797 అనే ఆమోద పత్రం ఉంటే చాలట. సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నల ఆరు నెలల గడువు అయిపోవస్తుంటే ఒక్క క్రూజ్ ఎక్కిస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయట. ఇక్కడ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు అక్కర్లేదట. దీవిలో అన్నీ ఉచితమట. శాకాహారులకు ఏమీ దొరకదు కాబట్టి పులిహోర కట్టుకెళ్లాలట. డిసెంబరు, జనవరిలో వెళ్తే వాతావరణానికి తిరుగుండదట. పెద్దవాళ్లు దీవిలో దిగకుండా ఓడలోనే ఉండిపోతే మేలట.

పులిహోర సంగతి ముందు తేల్చేద్దాం. అక్కర్లేదు. దీవిలో మధ్యాహ్నం భోజనం టికెట్టులో భాగమే. కూరగాయల బర్గరు, సలాడ్, వేపుళ్లు దొరుకుతాయి. అవి గొంతు దిగకపోతే ఆ రోజు ఓడ మీది బఫే కూడా తెరిచే ఉంటుంది, నడిచి వెళ్లి తిని రావచ్చు. రాత్రి భోజనంలో పప్పో కూరో కావాలంటే మొదటి రోజే హెడ్ వెయిటరుకు చెప్పుకోండి. అందుకు రహస్యాలు అక్కర్లేదు, నోరుంటే చాలు.

"అన్నీ ఉచితం" అన్నది సగం నిజం. బీచ్, కుర్చీలు, గొడుగులు, తువ్వాళ్లు, ఒయాసిస్ లగూన్ అనే పెద్ద మంచినీటి కొలను, ఇవన్నీ ఉచితమే. కానీ ప్రకటనల్లో మీ పిల్లలు చూసి మనసు పారేసుకునే ఆ 135 అడుగుల జారుడుబండ డబ్బు కట్టి వెళ్లాల్సిన వాటర్ పార్కులో ఉంది. కోకో బీచ్ క్లబ్బుకు, పెద్దలకు మాత్రమే అయిన హైడ్‌అవే బీచ్‌కు కూడా విడిగా టికెట్లే. ధర రోజును బట్టి, ఓడను బట్టి మారుతుంది. నలుగురు వెళ్తే ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి. దీవిలో దిగాక పిల్లల ముందు బేరం ఆడలేరు.

ఇక విదేశం కాదన్న మాట. మయామీకి తూర్పున, బహమాస్‌లోని బెర్రీ దీవుల్లో ఉందది. అసలు పేరు లిటిల్ స్టిరప్ కే. కంపెనీ దాని పేరు మార్చింది, రేవు కట్టింది, 2019లో హంగులన్నీ పెట్టి మళ్లీ తెరిచింది. దేశాన్ని మాత్రం మార్చలేదు. మీరెక్కిన ఓడ వెనక వైపుకు వెళ్లి అక్కడ రాసిన ఊరి పేరు చదవండి. ఆ కంపెనీ ఓడల్లో చాలావాటి మీద నసావు అని ఉంటుంది, అంటే ఓడ కూడా బహమాస్‌దే. ఇంకో ముచ్చట: అమెరికాలో ఎక్కించుకున్న ప్రయాణికుల్ని తిప్పి తెచ్చి అమెరికాలోనే దింపే విదేశీ ఓడ మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి. ఆ నిబంధన వెనక 1886 నాటి చట్టం ఉంది. ఫ్లోరిడా ఓడలన్నీ బహమాస్ వైపు పరుగెత్తడానికి ఇసుక తెల్లగా ఉండడం ఒక్కటే కారణం కాదు. విదేశం కాకపోతే వాటికి అక్కడ పనే తక్కువ.

ఇంతవరకు నవ్వుకుని వదిలేయొచ్చు. ఆ ఆరు నెలల పాయింటు దగ్గర నాకు నవ్వు రాదు.

"అమ్మానాన్నల ఐ-94 అయిపోవస్తోందా? మూడు రాత్రుల క్రూజ్ చాలు. తిరిగి రాగానే కొత్త ఆరు నెలలు. ఐ-539 ఫీజు దండగ." ఇదీ దానిలోని మాట. ఐ-94 అంటే, వచ్చినవారు ఎప్పటివరకు ఉండవచ్చో సరిహద్దు అధికారి రాసే రికార్డు. ఐ-539 అంటే ఆ గడువు పెంచమని పెట్టుకునే దరఖాస్తు. రాసినవాడు వీసాకూ, ఉండనిచ్చే గడువుకూ తేడా తెలిసినవాడే, లేకపోతే ఈ ఉపాయం తట్టదు. తెలిసీ ఇలా రాశాడంటే ఏమనాలో మీరే చెప్పండి. ముప్ఫై రోజులు దాటకుండా కెనడాకో మెక్సికోకో కరీబియన్ దీవులకో వెళ్లి వచ్చిన సందర్శకుడికి సరిహద్దు అధికారి సాధారణంగా పాత గడువులో మిగిలిన రోజులే ఇస్తాడు. కొత్త గడువు ఇవ్వకూడదని లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం అతని ఇష్టం. "మా కొలీగ్ వాళ్ల అత్తగారికి వచ్చింది" అంటారా? వచ్చే ఉండవచ్చు. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఇచ్చాడు, అంతే. మీ రోజున అదే మనిషి కూర్చుంటాడని రాసిచ్చేవారెవరు?

ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో కూడా కాస్త ఊహించండి. ఐదున్నర నెలలుగా ఇక్కడే ఉన్న డెబ్బై ఏళ్ల ఆవిడ మూడు రోజులు సముద్రం మీద తిరిగి వచ్చి మళ్లీ ఆరు నెలలు కావాలంటే, ఈమె సందర్శకురాలేనా అన్న అనుమానం అధికారికి వస్తుంది, రావాలి కూడా. ఇన్నాళ్లు ఏం చేశారని అడుగుతాడు. ఆవిడ నిజం చెబుతుంది: కోడలు ఆఫీసుకు వెళ్తుంది, పసివాణ్ణి నేనే చూసుకుంటున్నాను. మనకది నాయనమ్మతనం. అతనికది వీసాలో లేని ఉద్యోగంలా వినిపించవచ్చు. పక్క గదిలోకి తీసుకెళ్తారు. మీరు లోపలికి వెళ్లలేరు. మాట సాయానికి ఫోనులో ఎవరినో కలుపుతారు. సందర్శకురాలు కాదని వాళ్లకు గట్టిగా అనిపిస్తే లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపే అధికారమూ ఉంది. ఫీజు మిగిలిందని సంతోషించడానికి ఇది తగిన చోటు కాదు.

అంతకంటె పెద్ద ప్రమాదం ఏ గొడవా జరగకపోవడం. ఓడ దిగారు, ఫోటో తీశారు, వెళ్లమన్నారు. సందేశం చెప్పింది కదా, కొత్త ఆరు నెలలు వచ్చేశాయని ఇంటికి వచ్చి హాయిగా ఉంటారు. ఐ-94 వెబ్‌సైటు తెరిచి చూసేవారుండరు. అక్కడ పాత తేదీయే ఉంటే, అది దాటిన మర్నాటినుంచి పాస్‌పోర్టులో ఉన్న ఆ పదేళ్ల వీసా చెల్లదు. మళ్లీ రావాలంటే ఇండియాలో కొత్తగా దరఖాస్తు, కొత్తగా ఇంటర్వ్యూ, ఎందుకు ఎక్కువ రోజులున్నారన్న ప్రశ్నకు జవాబు. 180 రోజులు దాటి ఉండి వెళ్తే మూడేళ్ల నిషేధం, ఏడాది ఉంటే పదేళ్లు. డెబ్బై ఏళ్ల మనిషికి పదేళ్ల నిషేధమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. గడువు పెంచుకోవాలనుకుంటే, అది తీరకముందే ఐ-539 వేయండి. వేశాక, జవాబు రాకముందే సరదాగా ఓడెక్కకండి. దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క కడతారు. ఈ రెండో ముక్క సందేశంలో లేదు. "దండగ" అన్న మాట మాత్రం ఉంది, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలతో.

ఐ-797 సంగతికొస్తే, అది మీ హోదాకు ఆమోదం, వీసా కాదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చి, లాటరీ తగిలి, అక్టోబరు 1 నుంచి ఇక్కడే హెచ్-1బి అనే ఉద్యోగ హోదాలోకి మారినవారు మనలో ఎంతమందో మనకు తెలుసు. ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకోలేదు కాబట్టి వాళ్ల పాస్‌పోర్టులో హెచ్ వీసా ఉండదు. సరిగ్గా వాళ్లకే ఈ సందేశం చేరుతోంది. గడువు తీరిన వీసాతో తిరిగి రానిచ్చే నిబంధన ఒకటి ఉన్న మాట నిజం. కానీ హెచ్-1బి వారికి అది పక్కనే ఉన్న కెనడా, మెక్సికోలకే, అదీ ముప్ఫై రోజుల లోపు. మెక్సికోలోని కోజుమెల్ ఒక్కటే తాకి వచ్చే ఓడకూ, బహమాస్ తాకి వచ్చే ఓడకూ బ్రోచరులో తేడా కనిపించదు. చట్టంలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా. రేవు దగ్గర కాగితాలు చూసే ఉద్యోగి మిమ్మల్ని ఆపితే అతని మీద అరవకండి. సరైన పత్రాలు లేనివారిని తీసుకొస్తే జరిమానా కంపెనీకి పడుతుంది. టికెట్టు డబ్బు మీకు తిరిగి రాదు. వీసా స్టాంపు మీరు పాతగా పనిచేసిన సంస్థ పేరు మీద ఉన్నా గడువు మిగిలి ఉంటే భయపడనక్కర్లేదు, కొత్త ఐ-797తో కలిపి అది చెల్లుతుంది. గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేసి కూర్చున్నవారు మాత్రం, హెచ్, ఎల్ హోదాల్లో ఉన్నవారు తప్ప, అడ్వాన్స్ పరోల్ అనే ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా ఓడ వైపు చూడనే కూడదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. గడువు తీరిన వీసాతో వెళ్లి రావచ్చన్న ఆ మాట ఎఫ్-1 విద్యార్థుల వరకు నిజమే. ముప్ఫై రోజుల సడలింపు వాళ్లకు క్యూబా తప్ప మిగతా పొరుగు దీవులకు కూడా వర్తిస్తుంది, ఆ జాబితాలో బహమాస్ పేరు పెట్టి మరీ ఉంది. ఐ-94 గడువులో ఉండాలి, ఐ-20 అనే కాలేజీ పత్రం మీద ప్రయాణ సంతకం ఉండాలి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టి ఉండకూడదు. అంటే నెల జీతం అందుకునే అన్నయ్య ఆగిపోయినా ఎంఎస్ చదివే తమ్ముడు వెళ్లి రావచ్చు. అయినా రేవు దగ్గర ఉద్యోగికి ఈ నిబంధన తెలిసి ఉంటుందన్న భరోసా లేదు. కంపెనీ చేత ముందే ఈమెయిలులో రాయించుకుని వెంట ఉంచుకోవాలి.

పిల్లల పాస్‌పోర్టు మాట కూడా నిబంధన ప్రకారం సరైనదే. ఒకే రేవులో ఎక్కి అక్కడే దిగే క్రూజ్‌లో అమెరికా పౌరులైన పిల్లలకు జనన ధ్రువపత్రం చాలు. పిల్లవాడికి అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పి వచ్చి నసావు ఆసుపత్రిలో దింపాల్సి వస్తే అక్కడి నుంచి విమానం ఎక్కడానికి మాత్రం ఆ కాగితం చాలదు. అంతే తేడా.

పెద్దవాళ్లను ఓడలో ఉంచమన్న సలహాకు నా అభ్యంతరం ఏమీ లేదు. ఆ రోజు జనమంతా దీవిలోనే ఉంటారు, ఓడ మీది కొలను దాదాపు ఖాళీ. మోకాళ్ల నొప్పులున్నా దిగాలనిపిస్తే ట్రాములున్నాయి, ఇసుకలో నడిచే చక్రాల కుర్చీలు కూడా ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

మిగిలింది వాతావరణం. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు కాబట్టి డిసెంబరు నుంచి అంతా ప్రశాంతమని రచయిత ఊహ. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలులు దిగుతాయి. ఆ రేవు గాలికి ఎదురుగా ఉంది. తుపాను లేకపోయినా, నెత్తిన ఎండ కాస్తున్నా, గాలి జోరుగా ఉంటే కెప్టెన్ ఓడను ఆనించకుండా తిప్పేస్తాడు. టికెట్టు ఒప్పందంలో ఆ హక్కు అతనికి ఉంది. మీకు తిరిగి వచ్చేది రేవు పన్నులు, కంపెనీ దగ్గర ముందే కొన్న వాటర్ పార్కు టికెట్ల డబ్బు. క్రూజ్ ధర రాదు. దీవి కోసమే వెళ్లేవాళ్లయితే ఏప్రిల్, మే చూడండి.